ఆలస్యం డబ్బా

మలావీ సరస్సు ఒడ్డున, ఐస్ గిడ్డంగి వెనక గదిలో
మంగళ, గురు వారాలు రాత్రి ఏడింటికి
నేను పౌరశాస్త్రం చెబుతాను.
పద్నాలుగు మంది. బెంచీలు తొమ్మిది.
సౌరదీపం ఎనిమిదిన్నరకి కళ్ళు మూస్తుంది,
ఆ తర్వాత చెప్పిందంతా చీకటికే.

ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద మూడు గడులు గీశాను.
చట్టం చేసేవాళ్ళు, నడిపేవాళ్ళు, తీర్పు చెప్పేవాళ్ళు.
మధ్యలో బాణాలు.
బాణాలెందుకని ఎవరూ అడగలేదు.
నిజం చెప్పాలంటే నాకూ తెలీదు,
నాకు చెప్పినాయన గీశాడు కనక గీశాను.

మసోజి చేపలమ్మే మనిషి.
ఆ పేరుకి మా తుంబుకలో కన్నీళ్ళని అర్థం,
పుట్టిన వారంలోనే ఇంట్లో ఎవరో పోయారట.
ఆమె ఏడవగా నేను చూడలేదు. బేరమాడగా చూశాను.
మొదటి రోజే అడిగింది:
"మాస్టారూ, ఈ చదువు నా చేపకి ఉప్పవుతుందా?"
నవ్వి ఊరుకున్నాను.
జవాబు లేనప్పుడు మాస్టర్లు నవ్వుతారు.

వానలు మొదలైన వారం, ఒక పొద్దున
ఉసిపా చేప ఎండబెట్టిన ఆమె వెదురు మంచె
గీత దాటిందన్నాడు మార్కెట్ పెద్ద చవూలా.
గీత ఎవరు గీశారు? ఆయనే, నిన్న సాయంత్రం, సుద్దముక్కతో.
దాటిందని ఎవరు చూశారు? ఆయనే.
జరిమానా ఎంతో ఎవరు తేల్చారు?
ఆయనే, ఆ గీత మీదే కుర్చీ వేసుకుని.
మూడు బుట్టల చేప ఆయన బండెక్కింది.

తను పట్టిన కుందేలుకి తనే కాళ్ళు లెక్కపెడితే
మూడే తేలతాయి.
నాలుగోది ఎక్కడని అడగడానికి
ఇంకో మనిషి ఉండాలి,
అతని కూడు
కుందేలు పట్టినవాడి చేతిలో ఉండకూడదు.

ఆ రాత్రి ఆమె తడిసిన చితెంజె గుడ్డతో వచ్చి
బోర్డు దగ్గర నుంచుంది.
నా మూడు గడుల్నీ చాలాసేపు చూసింది,
త్రాసు ముల్లుని చూసినట్టు.
"ఇవి గడులు కావు మాస్టారూ, ముగ్గురు మనుషులు.
ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టి తినకూడని ముగ్గురు."

మా దగ్గర ఒకే పళ్ళెంలో న్సిమా తినడమే ప్రేమ.
అందుకే ఆ మాట గదిలో అందరికీ తగిలింది.
పడవల వడ్రంగి లుసాయో నమలడం ఆపేశాడు.

"మరి," అంది తగ్గకుండా, "ఆ డబ్బా ఏమిటి?"

నా బల్ల మీది పాలపొడి డబ్బా.
క్లాసుకి ఆలస్యమైతే వంద క్వాచాలు.
నియమం నాది. గడియారం నాది.
పడవది తప్పా, మనిషిది తప్పా అని తేల్చేదీ నేనే.
తాళంచెవి నా మెళ్ళో.
ఆ డబ్బుతో సుద్దముక్కలే కొన్నాను, దేవుడి తోడు.
కొంత టీ కూడా.

మంచివాణ్ణే కదా, అనుకున్నాను.
అద్దం ముందు చవూలా కూడా ఇదే అనుకుంటాడేమో
అన్న ఊహ ఆ రాత్రి నన్ను పడుకోనివ్వలేదు.

మర్నాడు ఆమె మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళింది,
నోట్సులోంచి చింపిన కాగితంతో.
నా గడులు, నా బాణాలు,
కింద ఆమె అక్షరాలు, కొన్ని తిరగబడి.
రెండు వాయిదాలు. మూడోసారి మేజిస్ట్రేటుకి మలేరియా.
బుట్టలు తిరిగి రాలేదు, ఎవరింట్లోనో కూరైపోయాయి.
వచ్చిందల్లా ఒక నోటీసు:
ఇకమీదట గీత గీసేది కౌన్సిల్,
అదీ పగలు, అందరి ముందూ.
చవూలా ఇంకా మార్కెట్ పెద్దే.
ఆమె పలకరిస్తే పలకడం మాత్రం మానేశాడు.

ఏం మిగిలిందని అడిగాను.
చేప తోక తుంచుతూ అంది:
"చదవకముందు దాన్ని వాన అనుకునేదాన్ని.
ఎందుకు కురిశావని వానని ఎవరు నిలదీస్తారు?"

ఇక డబ్బా సంగతి.
నియమం క్లాసంతా చేతులెత్తి మళ్ళీ చేసింది.
గడియారం చూసేది లుసాయో. తాళం మసోజి దగ్గర.
తగువొస్తే గిడ్డంగి కాపలా ముసలమ్మ తీర్పు.
ఆమె మా దగ్గర చదవదు, మా టీ తాగదు.

పోయిన గురువారం దారిలో నా సైకిలు గొలుసు తెగింది.
ఆరు నిమిషాలు.
గొలుసు చూపించాను, నూనె చేతులు చూపించాను.
ముసలమ్మ రెండూ తీరిగ్గా చూసి
"వంద," అంది.

ఇచ్చాను.
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి
బోర్డు మీది బాణం ఒకటి
నా దాకా వచ్చింది.